పిల్లలను ఇంట్లో ఒంటరిగా ఎప్పుడు వదలవచ్చు? హైదరాబాద్ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మార్చి నెల సగానికి వచ్చేసరికి తెలంగాణలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉదయం 8 గంటలకు బడికి వెళ్లిన పిల్లలు మధ్యాహ్నం 12:30కే బయటికి వస్తారు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో అప్పటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా పెద్దవారెవరూ ఉండరు. ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు మొదలై జూన్ రెండో వారం వరకు సాగుతాయి. బతుకమ్మ, దసరా, సంక్రాంతి సెలవులు వీటికి అదనం. అమ్మమ్మలు, నానమ్మలు ఊళ్లో ఉండిపోయి, ఇద్దరి జీతం లేనిదే ఇంటి అద్దె, బడి ఫీజులు గడవని కుటుంబాలకు ఈ నగరంలో ఒక ప్రశ్న తప్పదు: పిల్లలను ఇంట్లో ఒంటరిగా వదలవచ్చా, వదిలితే ఏ వయసు నుంచి, ఎంతసేపు?

చాలా ఇళ్లలో ఈ నిర్ణయాన్ని ఎవరూ కూర్చుని ఆలోచించి తీసుకోరు. పనిమనిషి రాని రోజునో, ఆఫీసులో సెలవు దొరకని రోజునో అది దానంతట అదే జరిగిపోతుంది. ఆ రోజు ఏమీ కాలేదు కనుక మరుసటి రోజూ అదే కొనసాగుతుంది. నిర్ణయాన్ని అవసరానికి వదిలేయకుండా, అవసరం రాకముందే రెండు మూడు నెలల ముందు నుంచి సిద్ధం చేసుకోవాలన్నది ఈ మార్గదర్శి ఉద్దేశం. వయసు ఇందులో ఒక అంశం మాత్రమే. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు రెండు ఉన్నాయి. ఏదైనా తేడా వచ్చినప్పుడు మీ బిడ్డ ఏం చేస్తుంది? నమ్మకమైన ఒక పెద్దమనిషి ఎన్ని నిమిషాల్లో మీ గుమ్మం ముందు నిలబడగలరు? ఈ రెండింటికీ స్పష్టమైన జవాబు ఉన్న ఇంట్లో పదకొండేళ్ల పిల్లవాడు గంటసేపు క్షేమంగా ఉండగలడు. జవాబు లేని ఇంట్లో పదమూడేళ్ల పిల్లకు కూడా అది ప్రమాదమే.

చట్టం ఏం చెబుతోంది?

ఇంత వయసు వచ్చేదాకా పిల్లలను ఇంట్లో ఒంటరిగా వదలకూడదని సంఖ్య చెప్పే చట్టం మన దేశంలో లేదు. అంతమాత్రాన తల్లిదండ్రులకు బాధ్యత లేదని కాదు. బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ సంరక్షణ బాధ్యత ఉన్నవారు ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసి, దానివల్ల బిడ్డకు శారీరకంగా గానీ మానసికంగా గానీ అనవసరమైన బాధ కలిగే పరిస్థితి తెస్తే, మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 93వ సెక్షన్ పన్నెండేళ్ల లోపు పిల్లలను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడాన్ని నేరంగా చూస్తుంది. మీరు బజారుకు వెళ్లి రావడం దాని కిందికి రాదు. అయితే ఆరేళ్ల బిడ్డను పొద్దుటి నుంచి రాత్రి దాకా గదిలో పెట్టి తాళం వేసి వెళ్తే, అది నిర్లక్ష్యం కిందికి రాదని ఏ న్యాయవాదీ మీకు హామీ ఇవ్వలేడు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లలకు తోడుగా ఉంటుందని ఊరి నుంచి పదకొండు, పన్నెండేళ్ల అమ్మాయిని తెచ్చి పెట్టుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటి పనికైనా, మరే పనికైనా పెట్టుకోవడం నేరం. అంతేకాదు, ఆ అమ్మాయి కూడా పెద్దవారి కాపలా అవసరమైన బిడ్డే.

ఇతర దేశాల్లోనూ అన్నిచోట్లా ఒకే వయసు లేదు. బ్రిటన్‌లో కూడా చట్టం వయసు చెప్పదు. అక్కడ పిల్లల రక్షణకు పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ సంస్థ మాత్రం పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఎక్కువసేపు ఒంటరిగా ఉండే పరిణతి చాలా అరుదని, పదహారేళ్ల లోపు వారిని రాత్రంతా ఒంటరిగా వదలకూడదని సూచిస్తుంది. నేను కింద చెప్పే హద్దులు దీనికి దగ్గరగానే ఉన్నా, వాటిని మన ఇళ్లకు, మన ట్రాఫిక్‌కు తగ్గట్టు సవరించుకున్నాను.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. కింద కిరాణా కొట్టుకు వెళ్లి పాల ప్యాకెట్ తేవడానికైనా వెంట తీసుకువెళ్లాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలను మీరు అదే భవనంలో ఉన్నప్పుడు పది, పదిహేను నిమిషాలు వదలవచ్చు. పది, పదకొండేళ్లకు పగటిపూట అరగంట నుంచి గంట. పన్నెండు, పదమూడేళ్లకు పగటిపూట రెండు మూడు గంటలు. పద్నాలుగు దాటాక చీకటి పడిన తర్వాత ఒకటి రెండు గంటలు. ఇవి గరిష్ఠ హద్దులు. మీ బిడ్డ ఆ వయసుకు వచ్చినంత మాత్రాన అంతసేపు ఉండి తీరాలని వీటి అర్థం కాదు.

మొదటి అడుగు: చేరే సమయాన్ని లెక్కించడం

బిడ్డ ఫోన్ చేసి "అమ్మా, భయమేస్తోంది" అన్న క్షణం నుంచి మీరు ఇంటి తలుపు తెరిచే క్షణం దాకా పట్టే సమయం ఎంతో కాగితం మీద రాయండి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ వనస్థలిపురంలో ఉండేవారు ఆదివారం పొద్దున పట్టే సమయాన్ని రాసుకుంటే లాభం లేదు. జూలై నెలలో వాన పడుతున్న సాయంత్రం ఆరున్నరకు, బయోడైవర్సిటీ కూడలి దగ్గర కదలని వాహనాల మధ్య ఉన్నప్పుడు ఎంత పడుతుందో అదే మీ అసలు సమయం. మెట్రో దారిలో ఉన్నవారికి ఈ లెక్క కొంత సులువు. నాగోల్ నుంచి రాయదుర్గానికైనా, మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్‌కైనా రైలు వాన వల్ల ట్రాఫిక్‌లో చిక్కుకోదు. అయినా స్టేషన్ నుంచి ఇంటికి ఆటో దొరికే సమయాన్ని కలుపుకోవాలి.

ఆ సమయం అరగంట దాటితే, మీ స్థానంలో ఐదు నిమిషాల్లో చేరగల పెద్దవారు ఇద్దరు కావాలి. ఒకరు చాలరు, ఎందుకంటే ఆ ఒక్కరు సరిగ్గా ఆ రోజే పెళ్లికో ఆసుపత్రికో వెళ్లి ఉండవచ్చు. ఎదురింటివారు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారులే అనుకుని సరిపెట్టుకోకండి. వారి దగ్గరకు వెళ్లి, "ఈ నెలంతా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా వాడు ఒక్కడే ఉంటాడు, వాడు తలుపు కొట్టినా ఫోన్ చేసినా మీరు చూడగలరా" అని స్పష్టంగా అడిగి, ఒప్పుకున్నాకే వారి పేరు రాసుకోవాలి. ఇంటి రెండో తాళంచెవి వారిలో ఒకరి దగ్గర ఉండాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు విషయం తెలిసి ఉండడం మంచిదే గానీ, మోటారు వేయడం, చెత్త తీయడం, కార్లు కడగడం మధ్య ఉండే ఆయన మీద ఈ బాధ్యత పెట్టడం ఆయనకూ న్యాయం కాదు, మీ బిడ్డకూ క్షేమం కాదు.

అలాంటి ఇద్దరు దొరకకపోతే మిగతా అడుగులు వేయకండి. వయసు ఎంతైనా సరే, ముందు ప్రత్యామ్నాయం వెతకాలి.

రెండో అడుగు: బిడ్డను గమనించడం

మీరు ఇంట్లో ఉండగానే కొన్ని వారాల పాటు గమనించవలసిన విషయాలు ఉన్నాయి. చెప్పిన పనిని రెండోసారి గుర్తు చేయకుండా చేస్తుందా? స్నానాల గదిలో గీజరు ఆపి వస్తుందా? చీకటికి, ఉరుములకు ఎంత భయపడుతుంది? మధ్యాహ్నం నిద్రపోతే కాలింగ్ బెల్లుకు లేస్తుందా? కోపం వస్తే తమ్ముణ్ణి కొట్టే స్వభావం ఉందా? ఉబ్బసం, మూర్ఛ వంటి సమస్యలున్న పిల్లల విషయంలో వైద్యుని అడగకుండా నిర్ణయం తీసుకోకూడదు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చే గుర్తు ఒకటుంది. గాజు గ్లాసు పగిలినప్పుడు బిడ్డ ఏం చేస్తుంది? వచ్చి చెబుతుందా, ముక్కలను సోఫా కిందికి నెట్టేస్తుందా? తిట్లకు భయపడి చిన్న తప్పును దాచే బిడ్డ, మీరు లేనప్పుడు పొయ్యి మీద గుడ్డ అంటుకున్నా ముందు తనే ఆర్పడానికి చూస్తుంది, ఆ తర్వాతే మీకు ఫోన్ చేస్తుంది. ఆ మధ్యలో పోయే నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. ఈ లోపం చాలాసార్లు బిడ్డది కాదు, ఇంటి పద్ధతిది. పాలు పొంగితే కేకలు వేసే ఇంట్లో, మార్కులు తగ్గితే చేయి చేసుకునే ఇంట్లో పిల్లలు నిజం చెప్పడం ఎప్పుడో మానేసి ఉంటారు. కనుక మీ బిడ్డ దాచే రకమని తేలితే ఒంటరిగా ఉంచే ఆలోచనను ఆరు నెలలు వాయిదా వేసి, ఆ ఆరు నెలలూ మీ కోపాన్ని దిద్దుకోండి. "ఏమైనా సరే, నువ్వు ఫోన్ చేస్తే నేను తిట్టను" అన్న మాటను ఒకసారి చెప్పి ఊరుకోకుండా, ఏదైనా పగిలిన ప్రతిసారీ నిలబెట్టుకోవాలి.

బిడ్డ అభిప్రాయం అడగడం కూడా ఈ అడుగులో భాగమే. "నువ్వు పెద్దదానివయ్యావు కదా, ఉంటావు కదా" అని అడిగితే ఏ బిడ్డయినా ఉంటాననే అంటుంది. "ఒక్కదానివే ఉంటే నీకు ఏది కష్టంగా ఉంటుంది?" అని అడగండి. బాల్కనీ తలుపు చప్పుడు, పై అంతస్తులో కుర్చీలు లాగే శబ్దం, కరెంటు పోతే ఫ్యాన్ ఆగిన నిశ్శబ్దం వంటి, మనకు తోచని జవాబులు వస్తాయి. భయం ఉందని చెప్పిన బిడ్డను వెక్కిరించవద్దు. వద్దు అని గట్టిగా చెబితే ఆ మాటే ఆఖరు.

మూడో అడుగు: ఇంటిని సిద్ధం చేయడం

మొట్టమొదటి నియమం: బయటి నుంచి తాళం వేసి వెళ్లకూడదు. పిల్లలు బయటికి వెళ్లిపోతారేమో, ఎవరైనా లోపలికి వస్తారేమో అన్న భయంతో చాలామంది తల్లిదండ్రులు ఇదే క్షేమమని నమ్ముతారు. కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్స్ ఉండే మన ఇళ్లలో బయటి తాళం పడిందంటే, మంటలు లేచినా పొగ కమ్మినా బిడ్డ బయటపడే దారి ఒక్కటీ మిగలదు. బిడ్డను లోపలి నుంచి గడియ వేసుకుని, అవసరమైతే తానే తీసుకుని బయటికి రాగలిగేలా తయారు చేయాలి. గడియ బిడ్డకు అందకపోయినా, బిగుసుకుపోయి ఉన్నా ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించండి. గడియ తీయలేని బిడ్డ ఒంటరిగా ఉండే వయసుకు రాలేదు.

వంటగదిలో సిలిండర్ రెగ్యులేటర్‌ను ఆపేసి వెళ్లడం రోజూ జరగాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పొయ్యి వెలిగించే పని ఉండకూడదు; అన్నం, కూర డబ్బాల్లో సర్ది పెట్టండి, చల్లారినవి తినలేకపోతే మైక్రోవేవ్ వాడడం ఒక్కటి నేర్పండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. తలుపు తెరిచి పెట్టి, ఇంటి బయటికి వచ్చి, పొరుగువారి దగ్గర నుంచి ఫోన్ చేయాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కనుక నేల దగ్గరే పేరుకుంటుంది. వాసన తగ్గిందని బిడ్డ తిరిగి లోపలికి వెళ్లకూడదని కూడా చెప్పండి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదులకు దేశమంతటా 1906 పనిచేస్తుంది.

బకెట్లో పెట్టే వాటర్ హీటర్ రాడ్, ఇస్త్రీ పెట్టె, మిక్సీ ఈ మూడూ అందకుండా దాచండి. మందులన్నీ ఒక డబ్బాలో పెట్టి తాళం వేయండి. తాతగారి బీపీ మాత్రలు టీవీ పక్కన ఉండే ఇళ్లు ఎన్నో. బాల్కనీలో కుర్చీ, స్టూలు, ఎక్కడానికి వీలయ్యే పూలకుండీ ఏదీ ఉండకూడదు. సొంత ఇళ్లలో, పాత కాలనీల్లో మరో ప్రమాదం సంపు. మంజీరా నీళ్లు పట్టుకున్నాకో, ట్యాంకరు వచ్చి వెళ్లాకో దాని మూత తీసి ఉంచేయడం ఈ నగరంలో మామూలు. పిల్లలు ఒంటరిగా ఉండే వేళకు మూత వేసి, దానికి కొక్కెం బిగించి ఉందో లేదో మీరే చూసి వెళ్లాలి. డాబా మెట్ల తలుపుకు తాళం ఉండాలి, సంక్రాంతి గాలిపటాల రోజుల్లో మరీ ముఖ్యంగా.

కాలిన గాయానికి ఏం చేయాలో బిడ్డకు తెలిసి ఉండాలి: ఇరవై నిమిషాల పాటు కుళాయి కింద నీటి ధార పట్టాలి, టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏదీ రాయకూడదు. ఈ ఒక్క విషయాన్ని ఇంట్లోని పెద్దలకు కూడా మళ్లీ చెప్పవలసిన అవసరం ఉంది.

నాలుగో అడుగు: తలుపు

2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో, తల్లిదండ్రులు పనికి వెళ్లిన పగటివేళ, ఇంట్లో ఒంటరిగా ఉన్న పదేళ్ల బాలిక హత్యకు గురైంది. ఆ కేసులో పోలీసులు అదుపులోకి తీసుకున్నది పక్క భవనంలో ఉండే మైనరు బాలుడిని. ఆ రోజుల్లో నగరంలోని ప్రతి తల్లీ తండ్రీ తమ ఇంటి గడియ వైపు మరోసారి చూసుకున్నారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు; వారిలా పనికి వెళ్లక తప్పనివారు లక్షల్లో ఉన్నారు. ఆ దుర్ఘటన నుంచి మనం తీసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. కొత్తవారికి తలుపు తీయవద్దని నేర్పితే చాలదు. పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో కూడా నిందితుల్లో అత్యధికులు బిడ్డకు ముందే తెలిసినవారని జాతీయ నేర గణాంకాల నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఐదో తరగతి చదివే ఒక పాపకు ఆమె తల్లి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చేలా నేర్పింది. పరీక్షించడానికి, తల్లి పక్క ఫ్లాట్‌లో కూర్చుని, పాప ఎప్పుడూ చూడని తన సహోద్యోగిని పంపింది. ఆయన బెల్లు కొట్టి, "పాపా, నాన్నగారు ఈ కవరు ఇమ్మన్నారు, ఒక్క సంతకం కావాలి" అంటూ తండ్రి పేరు కూడా చెప్పాడు. పాప తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది, రెండు క్షణాలు ఆలోచించింది, గడియ తీసింది. తర్వాత అడిగితే, "నాన్న పేరు తెలిసినవాళ్లు కొత్తవాళ్లు ఎట్లా అవుతారు?" అంది. ఆ పేరు కింద లిఫ్ట్ పక్కన బోర్డు మీద అందరికీ కనిపించేలా రాసి ఉందని ఆ పాపకు తట్టలేదు.

కనుక నియమాన్ని "కొత్తవారు", "తెలిసినవారు" అన్న విభజన మీద కట్టకండి. పిల్లలు ఒంటరిగా ఉన్న సమయంలో తలుపు ఎవరికీ తెరుచుకోదు అన్నదే నియమం. అమ్మ గానీ నాన్న గానీ ముందుగా ఫోన్ చేసి ఫలానా వారు వస్తున్నారని చెబితేనే మినహాయింపు. ఫుడ్ డెలివరీ, కొరియర్, సిలిండర్, మీటర్ రీడింగ్, వినాయక చవితి చందా, పక్కింటి అన్నయ్య బంతి కోసం రావడం, వాచ్‌మన్ నీళ్ల బిల్లు తేవడం, చివరికి బాబాయి రావడం కూడా ఈ నియమం కిందికే వస్తాయి. పిల్లలు ఒంటరిగా ఉండే వేళల్లో మీరు ఆన్‌లైన్ ఆర్డర్లు పెట్టకండి. మీరే బెల్లు కొట్టించి, మీరే తీయవద్దంటే బిడ్డ అయోమయంలో పడుతుంది.

బెల్లు మోగితే ఏం చేయాలో మాటల్లో నేర్పండి. మౌనంగా ఉండిపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని తాళం పగలగొట్టే వారు ఉండవచ్చు. "అమ్మ లేదు" అంటే ఒంటరిగా ఉన్నట్టు చెప్పినట్టే. తలుపు తీయకుండా, గట్టి గొంతుతో, "అమ్మ స్నానం చేస్తోంది, తర్వాత రండి" అనడం మంచిది. అవతలి మనిషి కదలకుండా నిలబడితే వెంటనే ఎదురింటి వారికి ఫోన్ చేయాలి. ఈ మాటలను వేర్వేరు గొంతులతో, వేర్వేరు సాకులతో పదే పదే సాధన చేయించండి. నవ్వుతూ మొదలుపెట్టినా, నాలుగైదు సార్లకు బిడ్డ గొంతులో స్థిరత్వం వినిపిస్తుంది.

ఐదో అడుగు: ఫోన్, నంబర్లు

స్మార్ట్‌ఫోన్ కన్నా మీటలున్న మామూలు ఫోన్ ఈ పనికి మేలు. ఛార్జింగ్ నాలుగు రోజులు నిలుస్తుంది, ఆటలు ఉండవు. అమ్మ, నాన్న, ఇద్దరు పొరుగువారు, ఈ నలుగురి నంబర్లు అందులో ఉండాలి. తలుపు పక్కన పెద్ద అక్షరాలతో కాగితం మీద కూడా రాసి అంటించాలి. అదే కాగితం మీద ఇంటి చిరునామా, ఫ్లాట్ నంబరు, దగ్గర్లోని గుడి లేదా స్కూలు గుర్తు రాయండి, ఎందుకంటే కంగారులో బిడ్డకు సొంత ఇంటి నంబరు కూడా గుర్తురాదు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, పిల్లల సహాయానికి 1098. నంబర్లు నేర్పడంతో ఆగకుండా, అవతలివారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం సాధన చేయించండి: ఎక్కడి నుంచి, ఏం జరిగింది, నీ పేరేమిటి, నీ వయసెంత.

మీటింగులో ఉన్నప్పుడు మీ ఫోన్ మౌనంగా ఉంటే ఈ ఏర్పాటంతా వృథా. బిడ్డ నంబరు ఒక్కటి మాత్రం ఎప్పుడూ మోగేలా సెట్టింగు మార్చుకోండి, మీ పై అధికారికి కూడా విషయం చెప్పి ఉంచండి.

టీవీ, ట్యాబ్ గురించి ఎక్కువ చెప్పను. ఒంటరి సమయంలో తెర చూసే వ్యవధిని ముందే ఒప్పుకోవాలి, ఇంట్లో ఉండే పాత ఫోన్లలో యూపీఐ యాప్‌లు తీసేయాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేర్పాలి. డబ్బు పోతే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఆలస్యం లేకుండా ఫిర్యాదు చేయాలి.

ఆరో అడుగు: మెట్టు మెట్టుగా వదలడం

మొదటి మెట్టు మీరు అదే భవనంలో ఉండడం. డాబా మీద బట్టలు ఆరేసి రావడానికి పది నిమిషాలు చాలు. రెండో మెట్టు వీధి చివరి కూరగాయల బండి దాకా, ఇరవై నిమిషాలు. మూడోది అరగంట దాటే రైతుబజారు పని. ప్రతి మెట్టు మీదా కనీసం మూడు, నాలుగు సార్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాకే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందే రావడం మీ వైపు నుంచి తప్పనిసరి. పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పాలి. మీ మాట నిలబడుతుందని తెలిసిన బిడ్డ కంగారు పడదు.

తిరిగి వచ్చిన వెంటనే "హోంవర్క్ అయిందా" అని అడగకండి. ముందు ఏం జరిగిందో వినండి. బెల్లు మోగిందా, ఎవరు, ఏమన్నారు, కరెంటు పోయిందా, దేనికి భయమేసింది? ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పుతూ అడిగే ఈ ప్రశ్నలతోనే, తర్వాతి మెట్టుకు బిడ్డ సిద్ధంగా ఉందో లేదో తెలిసిపోతుంది.

కరెంటు పోయిన సందర్భాన్ని కావాలని ఒకసారి సృష్టించండి. మీరు ఇంట్లో ఉండగానే సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి, టార్చి ఎక్కడుందో, ఎలా వెతుకుతుందో చూడండి. కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఒంటరి పిల్లల చేతికి ఇవ్వకూడదు. కరెంటు పోయినప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదని, అసలు ఒంటరిగా ఉన్నప్పుడు లిఫ్ట్ వాడకూడదని చెప్పండి. పాత అపార్ట్‌మెంట్లలోని మడత గేట్ల లిఫ్టులు పెద్దలు పక్కన ఉన్నప్పుడు కూడా పిల్లలకు ప్రమాదమే.

ఇంటి బయట ఆడుకోవడం వేరే విషయం, దానికి వేరే సాధన కావాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయిన సంఘటన తర్వాత కూడా చాలా వీధుల్లో పరిస్థితి మారలేదు. ఇంట్లో ఒంటరిగా ఉండడానికి అనుమతి ఇచ్చామంటే వీధిలోకి వెళ్లడానికి కూడా ఇచ్చినట్టు కాదని మొదటి రోజే చెప్పాలి.

అక్కాతమ్ముళ్ల సంగతి

పెద్దపిల్ల ఉంది కదా, చిన్నవాణ్ణి చూసుకుంటుంది అన్న ధీమాతో తీసుకునే నిర్ణయాల గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. తనను తాను చూసుకోగలగడం ఒక నేర్పు, మరొక బిడ్డను చూసుకోగలగడం ఇంకొకటి. పదకొండేళ్ల అమ్మాయి ఒక్కతే గంటసేపు నిశ్చింతగా ఉండగలదు. అదే అమ్మాయికి ఐదేళ్ల తమ్ముణ్ణి అప్పగిస్తే, వాడు బాల్కనీ వైపు పరుగెత్తినప్పుడు ఏం చేయాలో ఆమెకు తోచదు, వాడు పడితే ఆ నేరం జీవితాంతం ఆమె మోస్తుంది. పద్నాలుగేళ్లు నిండేదాకా చిన్నపిల్లల బాధ్యత పెద్దపిల్లల మీద పెట్టకూడదు, నిండాక కూడా గంటకు మించకూడదు. మన ఇళ్లలో ఈ బాధ్యత ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. అన్న ఆటకు వెళ్లి, చెల్లి ఇంట్లో చిన్నవాడికి కాపలా ఉండే ఏర్పాటును ఏ తల్లీ తండ్రీ ఒప్పుకోకూడదు.

ప్రత్యామ్నాయాలు

బిడ్డ సిద్ధంగా లేకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది; 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అదే చెబుతోంది. మీ సంస్థలో లేకపోతే నలుగురు ఉద్యోగులు కలిసి అడగవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో బొమ్మలు వేయడం, సంగీతం, నృత్యం వంటివి తక్కువ రుసుముతో నేర్పుతారు. అన్నిటికన్నా నడిచే ఏర్పాటు ఒకే అపార్ట్‌మెంట్‌లోని మూడు నాలుగు కుటుంబాలు వంతులు వేసుకోవడం: సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో పిల్లలందరూ కలిసి భోంచేస్తారు, ఆ రోజు ఆ ఇంటి పెద్దవారెవరో ఒకరు ఇంట్లో ఉంటారు. ఇంటి నుంచి పనిచేసే రోజులున్న వారికి ఇది కష్టం కాదు.

ఏర్పాటు ఏదైనా, దాన్ని శాశ్వతమనుకోకూడదు. ఇల్లు మారినా, ఎదురింటివారు ఖాళీ చేసి వెళ్లిపోయినా, ఉద్యోగం నగరం అవతలి అంచుకు మారినా చేరే సమయం మారిపోతుంది కనుక మొదటి అడుగు నుంచి లెక్క మళ్లీ వేయాలి. రాత్రి సరిగ్గా నిద్రపోకపోవడం, మీరు చెప్పులు వేసుకోగానే కడుపునొప్పి అనడం, పక్క తడపడం, ఫలానా ఇంటికి వెళ్లనని మొండికేయడం వంటివి కనిపిస్తే ఆ రోజు నుంచే ఒంటరిగా ఉంచడం ఆపి, తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారన్న అనుమానం వస్తే 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పడానికి వెనుకాడకూడదు. వేసవి సెలవుల్లో గంటల తరబడి బాగా ఉన్న బిడ్డ కూడా, బడి మొదలై మూడు నెలలు గడిచాక దసరా సెలవులకు సగం మరిచిపోయి ఉంటుంది. అందుకే ప్రతి సెలవుల మొదటి రోజున తలుపు సాధన, గ్యాస్ సాధన మళ్లీ చేయించి, తలుపు పక్కన కాగితం మీదున్న నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోన్ చేసి అవి పనిచేస్తున్నాయో లేదో చూసి, మొదటి రెండు రోజులు అరగంటకు మించకుండా వదిలి మళ్లీ మొదలుపెట్టండి.